సాలెదారం – అభిమాని వాదం

ప్రేమించిన కథ మరొక రూపంలో ఎదురైనప్పుడు పాఠకుడి మనస్సులో రెండు భావాలు ఒక్కసారిగా మేల్కొంటాయి. ఒకటి సంతోషం, రెండవది శంక. చిన్ననాడు విడిపోయిన బంధువు పెద్దవాడై గుమ్మంలో నిలబడితే, ఆప్యాయంగా లోపలికి పిలుస్తూనే ఆ ముఖంలో పాత పోలికలకోసం వెదకడం మానవసహజం. పుస్తకంగా చదివిన కథను చలనచిత్రంగా చూసే ప్రేక్షకుడు చేసేదీ ఇటువంటి వెదుకులాటే. పోలిక కనిపించినచోట పొంగిపోతాడు, కనిపించనిచోట నొచ్చుకుంటాడు. ఆ నొప్పిని మాటల్లో పెట్టినప్పుడు అది విమర్శ అనిపించుకుంటుందా, కేవలం మొండిపట్టుగా మిగిలిపోతుందా అన్నది ఆలోచించదగిన విషయం.

ఈ విషయాన్ని పరిశీలించడానికి అమెరికా దేశపు బొమ్మల కథల లోకంలో చక్కని ఉదాహరణ ఉంది. 1962 ఆగస్టు నెల పేరుతో వెలువడిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో స్టాన్ లీ రచనతో, స్టీవ్ డిట్కో చిత్రాలతో స్పైడర్‌మేన్ అనే పాత్ర తొలిసారిగా పాఠకుల ముందుకు వచ్చింది. ఆ సంచిక వెల పన్నెండు సెంట్లు. అప్పటికే ప్రసిద్ధులైన వీరులలో సూపర్‌మేన్ వేరొక గ్రహంనుండి వచ్చినవాడు. బ్యాట్‌మేన్ అపార సంపదకు వారసుడు. స్పైడర్‌మేన్ ముసుగు వెనుక ఉన్న పీటర్ పార్కర్ మాత్రం న్యూయార్క్ నగరంలో పెదతండ్రి బెన్, పెద్దమ్మ మే నీడలో పెరిగిన తల్లిదండ్రులు లేని బాలుడు. కళ్లజోడు పెట్టుకొని, పుస్తకాలు మోసుకొంటూ తిరిగే అతణ్ణి తోటి విద్యార్థులు ఆటపట్టించేవారు. వీరుడి సాహసాన్ని మాత్రమే కాక అతని ఇంటి ఇబ్బందులను కూడా కథలోకి తెచ్చినందువల్ల ఆ పాత్ర లక్షలాది పిల్లలకు పక్కింటి స్నేహితుడయింది.

నలభై ఏళ్ల తరువాత, 2002 మే 3వ తేదీన, శామ్ రైమీ దర్శకత్వంలో, టోబీ మెగ్వైర్ కథానాయకుడుగా ‘స్పైడర్‌మేన్’ చలనచిత్రం అమెరికాలో విడుదలయింది. 1973లో పదేళ్ల వయసులో ఆ కథలు చదివిన బాలుడొకణ్ణి ఊహించుకుంటే, చిత్రం విడుదలైననాటికి అతడు నలభైకి చేరువైన గృహస్థు. తన పిల్లల చేయిపట్టుకొని చిత్రశాలకు వచ్చిన ఆ అభిమాని ఒళ్లో కనిపించని పాత సంచికలు తెరిచే ఉంటాయి. తెరమీద నడిచే ప్రతి దృశ్యాన్నీ అతడు ఆ పుటలతో సరిపోల్చి చూస్తాడు. అతని ఆక్షేపణలలో ముందుగా వినిపించేది సాలెదారం గురించి.

మూలకథలో పీటర్‌ను కుట్టిన సాలీడు అతనికి గోడలు పాకే నేర్పును, అసాధారణమైన బలాన్ని, రాబోయే ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే శక్తిని ఇచ్చింది. దారాన్ని మాత్రం ఇవ్వలేదు. విజ్ఞానశాస్త్రంలో దిట్ట అయిన పీటర్ తానే ఒక జిగురు ద్రవాన్ని తయారుచేసుకొని, దానిని చిమ్మే చిన్న యంత్రాలను మణికట్టులకు అమర్చుకొన్నాడు. 2002 నాటి చిత్రంలో ఆ యంత్రాలు లేవు. సాలీడు కుట్టిన తరువాత అతని మణికట్టులనుండే దారం సహజంగా పుట్టుకొస్తుంది. ఈ మార్పు సంగతి ముందుగానే తెలిసి, చిత్రం తెరమీదికి రాకముందే అభిమానులు తీవ్రమైన నిరసన తెలిపారు.

పైకి చూస్తే ఇది పిల్లల తగవులా కనిపిస్తుంది. సాలీడు కుట్టగానే మనిషి గోడలు ఎక్కడాన్ని నమ్మినవాడు, దారం శరీరంలోనుండి వస్తే నమ్మలేననడం హాస్యాస్పదమని కొందరు నవ్వవచ్చు. కాని అభిమాని వాదాన్ని ఓపికగా వింటే అందులో బలమైన తర్కం కనిపిస్తుంది. తక్కిన శక్తులన్నీ పీటర్‌కు అయాచితంగా వచ్చినవి; దారం ఒక్కటే స్వార్జితం. సాలీడు ఎవరిని కుట్టినా గోడలెక్కే శక్తి రావచ్చును గాని, దారాన్ని కనిపెట్టగలిగినవాడు పీటర్ మాత్రమే. తోటివారి ఎగతాళికి గురైన చదువరి తెలివితేటలు నలుగురినీ కాపాడే సాధనంగా మారిన చోటు అది. పోరాటం నడుమ ఆ ద్రవం అయిపోయినప్పుడు వీరుడు నిస్సహాయుడయ్యేవాడు. యంత్రాన్ని తొలగిస్తే ఆ కష్టార్జితం తొలగిపోతుందని అభిమాని బాధ. చదువుకొనే పిల్లవాడికి ఆ కథ ఇచ్చిన గౌరవం తగ్గిపోతుందని అతని భయం.

దర్శకుడి వైపునుండి కూడా చెప్పదగిన మాట ఉంది. రైమీ స్వయంగా చిన్ననాటినుండి ఆ కథలు చదివినవాడే. మూలమంటే తెలియనివాడు కాదు. పెద్ద పెద్ద పరిశోధనాలయాలు తయారుచేయలేని పదార్థాన్ని పాఠశాల విద్యార్థి తన గదిలో తయారుచేశాడంటే ప్రేక్షకుడు నమ్మడని ఆయన భావించారు. అంతకుముందే ఈ కథను తెరకెక్కించాలని జేమ్స్ కామెరూన్ సిద్ధం చేసిన ప్రణాళికలోనూ దారం శరీరంనుండే వచ్చేది. ఒకే ఒక్క అద్భుతాన్ని నమ్మమని కోరి, మిగిలినవన్నీ దాని పర్యవసానాలుగా చూపడం కథన నియమాలలో ఒకటి. సాలీడు కుట్టడం మొదటి అద్భుతం. యంత్రనిర్మాణం రెండవ అద్భుతం. రెండింటిని ఒకటిగా చేస్తే కథకు బిగువు వస్తుందని దర్శకుడి వాదం.

ఇద్దరి మాటలలోనూ న్యాయం ఉన్నప్పుడు తీర్పు చెప్పేదెలా? భారతీయ సాహిత్యశాస్త్రం ఈ చిక్కును ఏనాడో ఎదుర్కొంది. వ్యాసభారతంలోని శకుంతలోపాఖ్యానంలో దూర్వాసుని శాపం లేదు, ఉంగరం పోవడమూ లేదు. దుష్యంతుడు ఆమెను గుర్తుపట్టి కూడా లోకానికి వెరచి ఎరుగనట్లు నటిస్తాడు. కాళిదాసు ఆ ఘట్టాన్ని యథాతథంగా స్వీకరించలేదు. శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి, ప్రేమికుడైన నాయకుని అసత్యదోషంనుండి తప్పించాడు. 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో ఇటువంటి మార్పులను సమర్థించాడు. ఉన్న కథను ఉన్నట్లు చెప్పడం మాత్రమే కవి పని కాదనీ, రసానికి ప్రతికూలమైన అంశాన్ని విడిచి అనుకూలమైన కల్పన చేయవచ్చుననీ ఆయన భావం. తెలుగు ప్రేక్షకులకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1957లో వచ్చిన ‘మాయాబజార్’. ఆ చిత్రానికి ఆధారమైన శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. అయినా భారతపాత్రల స్వభావాలు అందులో చెక్కుచెదరలేదు గనుకనే ప్రజలు దానిని తమ భారతంగా స్వీకరించారు.

కనుక మార్పు జరిగిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. మార్చిన అంశం మూలంలో ఏ బరువును మోస్తున్నదో అనుసరణకర్త గ్రహించాడా, దానిని తొలగించినప్పుడు ఆ బరువును మరొక స్తంభంమీదకు ఎత్తగలిగాడా అన్నదే అసలు ప్రశ్న. ఇంటిలోని స్తంభాన్ని తీసివేసే హక్కు యజమానికి ఉంటుంది. అయితే పైకప్పు దేనిమీద నిలుస్తుందో చూసుకోవలసిన బాధ్యతా అతనిదే.

ఈ కొలతతో చూస్తే సాలెదారం విషయంలో లాభనష్టాలు రెండూ కనిపిస్తాయి. శరీరంలో అనుకోని మార్పులు వస్తుంటే, ఎవరికీ చెప్పుకోలేక గది తలుపులు మూసుకొని తికమకపడే బాలుడి దృశ్యాలు కౌమారదశకు సహజమైన ఉపమానంగా అమరాయి. అదే దర్శకుడు 2004లో తీసిన రెండవ చిత్రంలో ఈ మార్పు మరింత సార్థకమయింది. కర్తవ్యానికీ స్వంత సుఖానికీ నడుమ నలిగిన పీటర్ మనస్సు సందేహంలో పడగానే అతని చేతినుండి దారం రావడం మానేస్తుంది. మణికట్టుకు కట్టుకొన్న యంత్రం యజమాని మనోవ్యథను ఎరగదు. శరీరంలో భాగమైన దారానికి అది తెలుస్తుంది. ఇది లాభం. ఇక నష్టం: పీటర్ తెలివైనవాడని మొదటి చిత్రంలో ఇతర పాత్రలు చెబుతాయే తప్ప, ఆ తెలివి కథను ముందుకు నడిపించే సాధనం కాలేదు. అభిమాని ఆక్షేపణలో సగం నిలుస్తుంది; సగం వీగిపోతుంది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉంది. 1962 నాటి కథలో పీటర్‌ను కుట్టినది అణుధార్మిక కిరణాలు సోకిన సాలీడు. 2002 నాటి చిత్రంలో అది జన్యువులను మార్చి ప్రయోగశాలలో సృష్టించిన సాలీడు. కథకు బీజమైన సంఘటనే మారిపోయినా, ఈ మార్పు దారం విషయమంత వివాదం కాలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. అణుశక్తి గురించిన భయం 1960 దశకానిది. జన్యుపరిశోధన గురించిన భయం కొత్త శతాబ్దిది. రెండు కాలాలలోనూ సాలీడు మోసిన అర్థం ఒక్కటే. మనిషి తాను పూర్తిగా ఎరగని శక్తితో ఆడుకుంటున్నాడన్న హెచ్చరిక అది. అర్థం నిలిచింది కనుక వేషం మారినా పెద్ద గొడవ జరగలేదు. అభిమాని ప్రతి మార్పునూ ద్వేషించే ఛాందసుడు కాడనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మూలకథకు ప్రాణమైన ఘట్టం మరొకటి ఉంది. శక్తి లభించిన కొత్తలో పీటర్ దానితో డబ్బు, పేరు సంపాదించాలనుకున్నాడు. ఒకనాడు తన ఎదుటనుండి పారిపోతున్న దొంగను ఆపగలిగి కూడా, అది తన పని కాదని ఊరుకున్నాడు. తరువాత అదే దొంగ చేతిలో పెదతండ్రి బెన్ మరణించాడు. శక్తితోపాటు బాధ్యత కూడా వచ్చి తీరుతుందనే సత్యాన్ని మూలంలో కథకుడు చివరి చిత్రంలో వ్యాఖ్యగా చెబుతాడు. చలనచిత్రంలో ఆ హితవును పెదతండ్రి నోటనే పలికించారు. మూలంలో హత్య ఇంట్లో జరుగుతుంది. చిత్రంలో పీటర్‌కోసం వీధిలో కారులో వేచి ఉన్న బెన్, కారును లాక్కోవడానికి వచ్చిన దొంగ చేతిలో గాయపడి, పీటర్ కళ్ల ఎదుటే ప్రాణాలు విడుస్తాడు. పైగా, ఆ పూట పీటర్ ఆయనతో పరుషంగా మాట్లాడి కారు దిగి వెళ్తాడు. క్షమాపణ చెప్పుకొనే అవకాశం ఇక రాదు. వివరాలు మారినా, ఒక్క నిమిషపు నిర్లక్ష్యం జీవితకాలపు పశ్చాత్తాపంగా మారడమనే ఆత్మ చెక్కుచెదరలేదు. నిజానికి ఇంకా పదునెక్కింది. ఇటువంటి చోట మార్పు దోషం కాదు, గుణం.

అభిమాని మూడవ ఆక్షేపణ అన్నింటికంటె లోతైనది. 1973 జూన్ నెల పేరుతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మేన్’ 121వ సంచికలో, జెరీ కాన్వే రచనలో, గిల్ కేన్ చిత్రాలలో, గ్రీన్ గాబ్లిన్ అనే ప్రతినాయకుడు పీటర్ ప్రేయసి గ్వెన్ స్టేసీని వంతెన పైనుండి కిందికి తోస్తాడు. స్పైడర్‌మేన్ దారం విసిరి ఆమె కాలిని పట్టుకుంటాడు. సంతోషంతో పైకి లాగుతాడు. కాని ఆమె అప్పటికే మరణించి ఉంటుంది. కాపాడాలని విసిరిన దారపు కుదుపే ఆమె ప్రాణం తీసిందా అనే ప్రశ్న నాటి పాఠకులను వెంటాడింది. వీరుడు సమయానికి చేరుకుంటే చాలు, అందరూ బ్రతుకుతారనే బాల్యవిశ్వాసం ఆ పుటలో ముగిసింది. పదేళ్ల బాలుడికి అది మృత్యువుతో తొలి పరిచయం.

2002 చిత్రం ఆ వంతెననూ, ఆ ప్రతినాయకుణ్ణీ స్వీకరించింది. మరణాన్ని మాత్రం స్వీకరించలేదు. గ్రీన్ గాబ్లిన్ ఒక చేత మేరీ జేన్‌ను, మరొక చేత పిల్లలతో నిండిన తీగబండిని పట్టుకొని, ఎవరిని కాపాడతావో ఎంచుకోమంటాడు. రెండింటినీ ఒకేసారి వదిలేస్తాడు. స్పైడర్‌మేన్ ఇద్దరినీ కాపాడతాడు. చేదుమాత్రకు చక్కెర పూశారని అభిమాని నొచ్చుకుంటే అతణ్ణి తప్పుపట్టలేం. ఎంచుకోవలసిన సంకటాన్ని ముందుపెట్టి, ఎంపిక అవసరమే లేకుండా ముగించడం కథకు బలహీనతే.

అయినా ఆ దృశ్యం పుట్టిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట సౌధాలు కూలిపోయాయి. ఆ సౌధాల నడుమ స్పైడర్‌మేన్ వల అల్లినట్లు చూపిన ప్రచారచిత్రాన్ని నిర్మాతలు ఉపసంహరించుకున్నారు. ఆ విషాదం తరువాతనే వంతెన ఘట్టంలో కొత్త అంశం చేరింది: స్పైడర్‌మేన్ ప్రాణాలకోసం పెనుగులాడుతుంటే, వంతెనమీద నిలిచిన సామాన్య పౌరులు చేతికందిన వస్తువులను గాబ్లిన్‌మీదికి విసురుతూ అతనికి అండగా నిలుస్తారు. వేలాదిమంది ఆత్మీయులను పోగొట్టుకొన్న నగరానికి ఆ సంవత్సరం మృత్యువును గురించి కొత్తగా నేర్పవలసిన అవసరం లేదు. ఊరట అవసరం. మూలంలోని శోకాన్ని విడిచిన చిత్రం సామూహిక ధైర్యాన్ని దాని స్థానంలో నిలిపింది. అభిమాని పోగొట్టుకొన్నది నిజమే. ఆ నగర ప్రజలు పొందినదీ నిజమే.

ఇటువంటి చర్చను ఒక్కమాటతో ముగించాలని కొందరు వసూళ్ల లెక్క ముందుకు తెస్తారు. ఆ చిత్రం అమెరికాలో మొదటి మూడు రోజులలోనే 11 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా ఆర్జించింది. తొలి వారాంతంలోనే పది కోట్ల డాలర్లు దాటిన మొదటి చిత్రం అది. ఇంతమంది చూశాక అభిమాని గొణుగుడుకు విలువేమిటని వారి ప్రశ్న. చిత్రాన్ని ఎందరు చూశారో లెక్క చెబుతుంది. చూసినవారు ఏమి పొందారో, ఏమి పోగొట్టుకున్నారో లెక్క చెప్పదు. రసానికి తూనిక రాళ్లు లేవు. మరోవైపు, చూడకముందే తీర్పు చెప్పడం, కళాకారులను వ్యక్తిగతంగా దూషించడం, కొత్త ప్రేక్షకులను మూలం చదవని అజ్ఞానులని ఈసడించడం కొందరు అభిమానులలో కనిపించే దోషాలు. ప్రేమించడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. దీపాన్ని తన చేతితోనే పట్టుకోవాలనే పట్టుదలతో ఇంకొక దీపాన్ని వెలిగించనివ్వని వాడివల్ల వెలుగు పెరగదు.

కాలం ఈ వివాదానికి ముచ్చటైన ముగింపు పలికింది. 2004లో బొమ్మల కథలలోని పీటర్‌కు కూడా శరీరంనుండే దారం వచ్చేటట్లు రచయితలు కథ మార్చారు. కొన్నేళ్ల తరువాత తిరిగి యంత్రాలకే మళ్లారు. 2012లో ఆండ్రూ గార్ఫీల్డ్ నటించిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మేన్’లో యంత్రం తెరమీదికి వచ్చింది. 2014లో దాని తరువాతి భాగంలో గ్వెన్ మరణమూ తెరకెక్కింది. 2021 డిసెంబరులో వచ్చిన ‘స్పైడర్‌మేన్: నో వే హోమ్’లో ముగ్గురు పీటర్లు ఒకచోట కలుసుకున్నప్పుడు, మెగ్వైర్ పాత్ర చేతినుండి దారం దానంతటదే రావడం చూసి మిగిలిన ఇద్దరూ ఆశ్చర్యంతో ప్రశ్నలు కురిపిస్తారు. అభిమానుల పాత తగవు ఆ విధంగా కథలోనే నవ్వుగా మారింది. అదే చిత్రంలో, గ్వెన్‌ను కాపాడలేకపోయిన గార్ఫీల్డ్ పాత్ర, కిందికి పడిపోతున్న మరొక యువతిని పట్టుకొని క్షేమంగా నేలకు దించి కంటతడి పెడుతుంది. 1973 నాటి ఒక పుటలోని శోకం 48 సంవత్సరాల తరువాత అక్కడ ఊరట పొందింది. అభిమానులు గుర్తుంచుకొని, పదే పదే అడగకపోయి ఉంటే ఆ దృశ్యానికి అంత బలం వచ్చేది కాదు.

అభిమాని వాదంనుండి విద్యార్థి గ్రహించదగిన పాఠం ఇక్కడే ఉంది. నచ్చిన గ్రంథం తెరమీద మారిపోయినప్పుడు కలిగే అసంతృప్తి సిగ్గుపడవలసినది కాదు. శ్రద్ధగా చదివిన చదువుకు అది గుర్తు. అయితే ‘మార్చారు’ అనే మాటతో ఆగిపోయినవాడు అభిమాని మాత్రమే. మార్చినది ఏమిటి, అది మూలంలో ఏ పని చేసేది, మార్చినందువల్ల పోయినదేమిటి, వచ్చినదేమిటి అని నాలుగు అడుగులు ముందుకు వేసినవాడు విమర్శకుడు. మొదటివాడికి జ్ఞాపకశక్తి ఉంటే చాలు. రెండవవాడికి న్యాయబుద్ధి కూడా కావాలి. దారం యంత్రంనుండి వచ్చినా, మణికట్టునుండి వచ్చినా, చివరకు అది ఎవరిని నిలబెట్టిందో చూడగలగడమే కథను సరిగా చదవడం.